క్రొత్త మెకానిక్కునకు ఏ పనిముట్లు కావలెను?

గోదావరి డెల్టాలో నేను పనిచేసిన ఒక మండలములో, సార్వా కోతలనాటి సంగతి. వాయుగుండము వచ్చుచున్నదని వాతావరణ శాఖవారు ముందురోజే హెచ్చరించియుండిరి. రైతులు నలుగురు కలసి ఒక వరికోత మిషనును మాట్లాడుకొని, తెల్లవారుజామునుండి కోత సాగించుచుండిరి. మధ్యాహ్నము పన్నెండు గంటల వేళ మిషను ఆగిపోయినది. పెద్ద లోపమేమియు కాదు. బెల్టును బిగించు పుల్లీ కొంచెము జరిగి, బెల్టు వదులై జారుచున్నది. నట్టు వదులు చేసి, పుల్లీని వేలెడు వెనుకకు జరిపి, మరల బిగించిన చాలును. పది నిమిషముల పని.

ఆ ఊరి కుర్రవాడే మెకానిక్కు. ఐ.టి.ఐ.లో డీజిలు మెకానిక్కు చదువు పూర్తిచేసి, ఊరి రైతు సంఘమువారి అద్దె యంత్రముల కేంద్రములో చేరి అప్పటికి నెల దాటలేదు. కబురు చేసిన వెంటనే పరుగున వచ్చినాడు. చేతిలో ఒక గోనెసంచి. అందులో తోచిన నాలుగు పానాలు, ఒక స్క్రూ రెంచి. ఆ నట్టుకు సరిపోవు పానా ఆ సంచిలో లేదు. స్క్రూ రెంచితో పట్టి లాగినాడు, అది జారినది. రెంచి కాడకు ఇనుప గొట్టము తొడిగి మరల లాగినాడు. ఈసారి నట్టు మూలలన్నియు అరిగి గుండ్రపడినవి. ఇక ఏ పానాయు దానిని పట్టదు. పట్టణమునుండి వేరొక మెకానిక్కు వచ్చి, ఆ నట్టును ఉలితో చీల్చి తీసి, క్రొత్త నట్టు వేయుసరికి దీపములు పెట్టు వేళ అయినది. ఆ రాత్రి కుండపోతగా వాన. మిగిలిపోయిన మూడెకరముల చేను నేలకొరిగి, నీటిలో నాని, నాలుగు రోజులలో కంకిమీదనే మొలకెత్తినది.

మరునాడు ఆ పిల్లవాని తండ్రి నన్ను తన ఇంటికి తీసికొనిపోయి, వసారాలో నున్న ఎర్రని ఇనుప పెట్టెను చూపినాడు. ఏడు సొరుగులు, క్రింద నాలుగు చక్రములు, తాళము.

“పాడిగేదెనమ్మి కొన్నామండి. ఉద్యోగానికి పోయే పిల్లాడు, నలుగురిలో చిన్నతనం కాకూడదని. నిన్న కావలసిన పానా ఇందులోనే ఉందండి. కాని దీన్ని గట్టుమీద ఎలా మోసుకుపోవాలో మీరే చెప్పండి” అన్నాడు.

నేను వ్యవసాయ పట్టభద్రుడను గాని ఇంజనీరును కాను. ఆనాడు నాకు తగిన సమాధానము తోచలేదు. ఆ తరువాత అనేకమంది పాత మెకానిక్కుల షెడ్లలో కూర్చుండి, వారు ఏ పనిముట్టును ఎక్కువగా చేతబట్టుచున్నారో, దేనిని మూలను పారవేసినారో చూచి తెలిసికొన్న సంగతులను ఇచట వ్రాయుచున్నాను. మీ ఇంటి పిల్లవాడు ట్రాక్టరు మెకానిక్కుగానో, మోటార్ల మెకానిక్కుగానో క్రొత్తగా పనిలో చేరుచున్నచో, లేక మీ సంఘమువారు మెకానిక్కును పెట్టుకొని అతనికి సామాను కొనవలసియున్నచో, అంగడికి పోకముందు దీనిని ఒకసారి చదువుడు. చాలమంది మొదట పెట్టెను కొని, తరువాత దానిని నింపుటకు పనిముట్లు కొని, కడపట ఏ యంత్రమునకు పనిచేయవలెనో చూచుకొనుచున్నారు. ఈ వరుసను తలక్రిందులు చేయవలెను. మొదట యంత్రములు, తరువాత పనిముట్లు, కడపట పెట్టె.

యజమాని ఏమి ఇచ్చును?

పనిలో చేరకముందే ఈ ప్రశ్న వేయవలెను. కంపెనీ ట్రాక్టర్లు అమ్ము డీలర్ల వర్కుషాపులలో సాధారణముగా పెద్ద జాకీలు, పుల్లర్లు, టార్కు రెంచి, ఆయా ట్రాక్టరునకు ప్రత్యేకముగా చేసిన సామానులు షాపువే ఉండును. కొన్నిచోట్ల పానాలు కూడ షాపువే. అట్టిచోట చేరువానికి సొంత సామానుతో అంతగా పనిలేదు. మొదటి మూడు నెలలు ఒక చిన్న పానాల జతతో గడుపుకొని, ఏది మాటిమాటికి కావలసివచ్చుచున్నదో చూచి కొనుట మంచిది. 2014-15లో కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషను ప్రారంభించిన తరువాత అద్దె యంత్రముల కేంద్రములు చాల గ్రామములలో వెలసినవి. యంత్రములకు రాయితీ వచ్చినది. కాని వానిని బాగుచేయు సామాను సంగతి పలుచోట్ల ఎవరికిని పట్టలేదు. ట్రాక్టరుతోపాటు వచ్చిన చిన్న సంచియే ఆధారము. అట్టి కేంద్రములో చేరువాడు సంఘము ఏమి కొనునో, తాను ఏమి తెచ్చుకొనవలెనో కాగితముమీద వ్రాయించుకొనవలెను.

సొంతముగా ఊరూర తిరిగి పనిచేయువాని సంగతి వేరు. అతనికి సమస్తము తానే కొనవలసియున్నది. ఈ వ్యాసము ముఖ్యముగా అతనికొరకును, చిన్న కేంద్రములలో చేరువారికొరకును వ్రాసినది.

మీ ఊరి యంత్రములు ఏ కొలతలు అడుగును?

ఒక నోటుపుస్తకము, ఒక వెర్నియరు కాలిపరు తీసికొని రెండు రోజులు ఊరు తిరుగుడు. ఎన్ని ట్రాక్టర్లు, అవి ఏ రకములు, రోటవేటర్లు ఎన్ని, నాటు యంత్రములు, పవరు స్ప్రేయర్లు, మోటార్లు ఎన్ని? ప్రతి యంత్రములోను తరచుగా విప్పవలసివచ్చు నట్లు ఏవి? ఆయిలు దించు ప్లగ్గు, ఫిల్టర్లు, బెల్టు బిగింపు, బ్యాటరీ కొనలు, రోటవేటరు కత్తుల బోల్టులు, చక్రముల నట్లు, డీజిలు పైపుల నట్లు. వీని కొలతలు వ్రాసికొనుడు. ఇది పిల్లల ఆటవలె కనిపించును గాని, మెకానిక్కు మొదటి సంవత్సరము చేయు పనిలో ముప్పాతిక భాగము ఈ నట్లమీదనే జరుగును.

ఇచట ఒక చిక్కున్నది. బోల్టు లావు వేరు, దాని తల వెడల్పు వేరు. పానామీద వ్రాసియుండు అంకె తల వెడల్పునకు సంబంధించినది. 6 మి.మీ. బోల్టునకు 10 నంబరు పానా, 8 మి.మీ. బోల్టునకు 13, 16 మి.మీ. బోల్టునకు 24 పట్టును. నడుమనున్న వానిలో రెండు పద్ధతులున్నవి. పాత జర్మను ప్రమాణము ప్రకారము 10 మి.మీ. బోల్టునకు 17, 12 మి.మీ. బోల్టునకు 19, 14 మి.మీ. బోల్టునకు 22 నంబరు పానాలు కావలెను. తరువాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము ఇవియే 16, 18, 21 అయినవి. ఒకే ట్రాక్టరులో రెండును కనిపించుట కలదు. జపాను పద్ధతి నాటు యంత్రములలో 8 మి.మీ. బోల్టునకు 12, 10 మి.మీ. బోల్టునకు 14 నంబరు తలలు తరచుగా ఉండును. కాబట్టి “పది, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది ఉంటే చాలు” అని పెద్ద మెకానిక్కులు చెప్పు మాట ఒకనాడు నిజమే గాని, నేడు చాలదు.

ఇక అంగుళముల గొడవ. మన దేశములో 1956లో తూనికలు, కొలతల చట్టమై, 1958 అక్టోబరునుండి మెట్రిక్ పద్ధతి అమలులోనికి వచ్చినది. అయినను మాసీ ఫెర్గూసన్ 35 వంటి ఆంగ్లదేశపు నమూనాల ట్రాక్టర్లలో అంగుళపు నట్లే ఉండెడివి. అట్టి పాత బండ్లు, పాత ఆయిలు ఇంజన్లు, వాని గేరుపెట్టెలు నేటికిని కొన్ని ఊళ్లలో పనిచేయుచున్నవి. దీనికి విరుద్ధముగా 1971లో పింజోరులో హెచ్.ఎం.టి. వారు జెకోస్లొవేకియా దేశపు జెటార్ సహకారముతో చేయ నారంభించిన ట్రాక్టర్లు మొదటినుండి మెట్రిక్కువే. మీ ఊరిలో అంగుళపు నట్లున్న యంత్రము ఒక్కటైనను ఉన్నచో, దానిని వేరుగా వ్రాసికొనుడు.

అంగుళపు నట్టుకు మి.మీ. పానా వాడవచ్చునా? కొన్నిటికి వాడవచ్చును, కొన్నిటికి కూడదు. ముప్పాతిక అంగుళము 19.05 మి.మీ.; దీనికి 19 పానా బాగుగనే పట్టును. 5/8 అంగుళము 15.88 మి.మీ.; 16 పానా సరిపోవును. 15/16 అంగుళము 23.81 మి.మీ.; 24తో జరుపుకొనవచ్చును. అర అంగుళము 12.7 మి.మీ.; 13 పానా పట్టినట్లే ఉండును గాని మూడు పదోవంతుల మి.మీ. వదులుండును, గట్టిగా బిగిసిన నట్టైనచో మూలలు కొట్టుకొనిపోవును. 9/16 అంగుళము 14.29 మి.మీ.; 14 దూరదు, 15 ఊగులాడును. 7/16 అంగుళము 11.11 మి.మీ.; 11 దూరదు, 12 పనికిరాదు. కాబట్టి అంగుళపు జత అంతయు కొననక్కరలేదు; 7/16, 1/2, 9/16 అను మూడు కొలతలు విడిగా కొనిన మొదట చాలును. అంగడివాడు విడిగా ఇవ్వనని జత అంటగట్టజూచును. వేరొక అంగడికి పోవుడు.

రింగు పానా, ఓపెను పానా, సాకెట్టు

ఓపెను పానా నట్టును రెండు వైపులనే పట్టును. రింగు పానా చుట్టును పట్టి ఆరు మూలలమీద బలమును పంచును. బిగిసిన నట్టును మొదట కదల్చుటకు రింగు పానాయే వాడవలెను. కదలిన తరువాత త్వరగా త్రిప్పుటకు ఓపెను పానా. ఒక కొన రింగు, మరొక కొన ఓపెను ఉన్న కాంబినేషను పానాలు రెండు పనులకును ఉపయోగించును. పొలములోనికి మోసికొనిపోవువానికి ఇవి మేలు, బరువు తగ్గును. 8 నంబరునుండి 24 వరకు ఒక్కటియు విడువకుండ జత, ఆ పైన 27, 30, 32 కొలతలలో ఊరి లెక్కనుబట్టి కావలసినవి. 10, 13, 17, 19 కొలతలలో ఇంకొక్కొక్క పానా అదనముగా ఉండవలెను. ఎందుకనగా బోల్టు తలను ఒక పానాతో పట్టి నట్టును ఇంకొక పానాతో త్రిప్పవలసియుండును. ఈ సంగతి మరచి జత కొనినవాడు మొదటిరోజే ప్రక్కవానిని పానా అరువడుగును.

సాకెట్టులు అర అంగుళపు చదరము గలవి ట్రాక్టరు పనికి తగును. లోపల పన్నెండు మూలలున్నవి, ఆరు మూలలున్నవి అని రెండు రకములు. పన్నెండు మూలలది త్వరగా తగులుకొనును. ఆరు మూలలది త్రుప్పుపట్టిన నట్టును బాగుగా పట్టును. బురదలో తిరుగు రోటవేటరు, కేజి వీల్సు నట్లకు ఆరు మూలలదే కొనుడని నా సలహా. రాచెట్టు కాడను బిగిసిన నట్టు కదల్చుటకు వాడరాదు. దానిలోని పళ్లు చిన్నవి, విరుగును. ముందు పొడవైన కడ్డీతో కదల్చి, తరువాత రాచెట్టు తగిలింపవలెను.

గొట్టము తొడుగుట గురించి కొంచెము లెక్క చెప్పెదను. 8 మి.మీ. ఉక్కు బోల్టు, అనగా తలమీద 8.8 అని అచ్చువేసినది, బిగింపు బలము సుమారు రెండున్నర కిలోగ్రాము మీటర్లు. 10 మి.మీ. దానికి సుమారు 5. 12 మి.మీ. దానికి సుమారు ఎనిమిదిన్నర. 13 నంబరు పానా జానెడుకంటె తక్కువ పొడవుండును. 16 సెంటీమీటర్ల పానా కొనను 16 కిలోల బలముతో లాగినచో రెండున్నర కిలోగ్రాము మీటర్లు వచ్చును. సరిగా ఆ బోల్టునకు తగినంత. పానాలు చిన్నవి పొట్టిగా, పెద్దవి పొడవుగా ఉండుటకు కారణమిదే. ఆ పొట్టి పానాకు గొట్టము తొడిగి పొడవు 60 సెంటీమీటర్లు చేసి, అంతే బలముతో లాగుడు, తొమ్మిదిన్నర దాటును. బోల్టు తెగును, లేక మర పోవును. తెగిన బోల్టు ముక్క ఇంజను దిమ్మలో నుండిపోయినచో దానిని తీయుటకు డ్రిల్లు వేయవలెను. అది పట్టణపు పని, ఒక రోజు పని. బోల్టు కదలనప్పుడు కిరసనాయిలుగాని, త్రుప్పు వదలించు నూనెగాని వేసి పావుగంట ఆగి, తలమీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు కొట్టి చూడవలెను. కోతల రోజులలో పావుగంట ఆగుట కష్టమే. పై కథలో ఆగియున్నచో మూడెకరములు దక్కియుండెడివేమో.

స్క్రూ రెంచిని కొనవద్దని నేను చెప్పను. ఒకటి ఉండవచ్చును, ఇతర పానా లేనప్పుడు ఊరక పట్టుకొనుటకు. దానితో బిగిసిన నట్టును విప్పబోవువానిని మాత్రము యంత్రము దగ్గరకు రానీయకుడు.

మంచి పానా గుర్తు

పంజాబులోని జలంధరు, లూధియానాలు చేతిపనిముట్ల పరిశ్రమకు పేరుపొందినవి. మన అంగళ్లలోని సామానులో చాలభాగము అక్కడనుండి వచ్చునదే. అచటినుండి మంచివియు వచ్చును, చెడ్డవియు వచ్చును. ప్రభుత్వ పత్రికలో ఏ కంపెనీ పేరును చెప్పుట తగదు. మీరే పరీక్షించుకొనుడు.

అంగడికి పోవునప్పుడు జేబులో మూడు క్రొత్త బోల్టులు, 8, 10, 12 మి.మీ. వి, వేసికొనిపొండు. పానాను బోల్టు తలకు తగిలించి అటునిటు ఊపి చూడుడు. కొంచెము ఆట ఉండవలెను గాని గడగడలాడరాదు. ఓపెను పానా రెండు దవడలు సమానముగా ఉన్నవో లేవో వెలుతురుకెదురుగా పట్టి చూచిన తెలియును. క్రోమ్ వనేడియం అను అచ్చు ఉండవలెను. అది కాగితపు చీటీగా కాక లోహములోనికి దిగియుండవలెను. పైపూత గోటితో గీకిన పొరలుగా లేచినచో దానిని అక్కడనే పెట్టివేయుడు. కాడ అంచులు చేతికి కోసుకొనునట్లు ఉండరాదు. రోజంతయు పట్టుకొనవలసిన వస్తువు గదా. నూటయాభై, రెండువందల సామానులని చెప్పు ప్లాస్టిక్ సూట్‌కేసు జతలను తెరచి లెక్కించి చూడుడు. స్క్రూడ్రైవరు ముక్కలు, ఎల్లెన్ కీలు, ఒకే సాకెట్టు మూడు చదరములలో, ఇట్లు సంఖ్య పెంచియుందురు. 22 నంబరు రింగు పానా వెదకిన దొరకదు.

డబ్బు చాలనప్పుడు ఏమి చేయవలెను? పానాలు, సాకెట్టులు మేలైనవి తక్కువ కొనుడు. సుత్తి, ఉలి, గరాటు, పెట్టె వంటివానిలో కొంచెము చవుకవి వచ్చినను పరవాలేదు. నాసి ఉలి తానే వంగును. నాసి పానా మాత్రము యంత్రమును కూడ పాడుచేసి తాను విరుగును.

తక్కిన సామాను

ఒక కిలోకు లోపు బరువుగల గుండు తల సుత్తి ఒకటి, ఇత్తడిదో చెక్కదో మెత్తని సుత్తి ఒకటి. బేరింగులమీద, షాఫ్టులమీద ఇనుప సుత్తితో కొట్టరాదు. కటింగు ప్లేయరు, ముక్కు ప్లేయరు, సర్‌క్లిప్ ప్లేయర్లు లోపలికి మూయునది, వెలుపలికి తెరచునది. స్క్రూడ్రైవర్లు నాలుగు, ఎల్లెన్ కీల జత, పంచీలు, ఆకురాళ్లు, హాక్సా, తీగ బ్రష్షు. ట్యాపెట్ల సందు చూచుటకు ఫీలరు గేజి. ఎంత సందు ఉంచవలెనన్నది ట్రాక్టరు పుస్తకములో చూడవలెనే గాని, ఒక బండిది ఇంకొక బండికి పెట్టరాదు. గ్రీజు గన్ను మంచిది కొనుడు. ఊరిలో మెకానిక్కు చేయగల మేలులలో సమయమునకు గ్రీజు పెట్టుటను మించినది లేదు, దానికే అందరును బద్ధకింతురు.

మల్టీమీటరు ఒకటి తప్పనిసరి. ట్రాక్టరు స్టార్టు కానప్పుడు బ్యాటరీయా, వైరా, స్టార్టరా అన్నది ఊహించి చెప్పి రైతుచేత క్రొత్త బ్యాటరీ కొనిపించు అలవాటు పోవలెను. ఇంజను ఆపి కొన్ని గంటలైన తరువాత మంచి 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12 దగ్గర ఉన్నచో చాలవరకు దిగిపోయినదన్నమాట. ఇంజను తిరుగుచుండగా 13.8, 14.4 మధ్య చూపినచో డైనమో పనిచేయుచున్నది. ఈ మూడంకెలు తెలిసినవాడు ఊరివారి డబ్బు ఎంతో మిగుల్చును.

నీటి మోటార్లు బాగుచేయదలచినవాడు టాంగ్ టెస్టరు, ఇన్సులేషను పరీక్షించు మెగ్గరు, బేరింగులు లాగు మూడు కాళ్ల పుల్లరు కొనవలెను. ఫ్యూజులు తీసి, తీసినవానిని తన జేబులోనే వేసికొని, టెస్టరుతో చూచిన తరువాతనే మోటారుమీద చేయి వేయవలెను. ట్రాన్స్‌ఫార్మరు జోలికి పోరాదు, అది విద్యుత్ శాఖవారి పని.

ఇంజను తల విప్పి బిగించుపని ఒప్పుకొనువానికి టార్కు రెంచి కావలెను. అది ఖరీదైనది, నెలకొక్కసారి వాడునది. నాలుగూళ్ల మెకానిక్కులకు కలిపి సంఘము ఒకటి కొనుట ఉచితమని నా అభిప్రాయము. డీజిలు పంపు, ఇంజెక్టర్లు పరీక్షించు యంత్రముల ఊసు మొదటి రెండు మూడేండ్లు ఎత్తకుడు. అవి దుమ్ములేని గదిలో చేయు పనులు. ఇంజెక్టరు చిమ్ము డీజిలుకు వేలు అడ్డుపెట్టి చూచు వాడుక కొందరిలో ఉన్నది. ఆ ఒత్తిడికి డీజిలు చర్మములో దూరి వేలు, ఒక్కొక్కప్పుడు చేయియే తీసివేయవలసి వచ్చును. అట్లు దూరినచో నొప్పి లేదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. జాకీ కొనునప్పుడు దానితోపాటు నాలుగు గట్టి చెక్క దిమ్మలు చేయించుకొనుడు. జాకీ ఎత్తుటకు, దిమ్మ నిలుపుటకు. జాకీనే నమ్మి ట్రాక్టరు క్రింద దూరరాదు.

ఇక పెట్టె

సొరుగుల పెట్టె చెడ్డదని నా భావము కాదు. సిమెంటు గచ్చు ఉన్న వర్కుషాపులో, ట్రాక్టరే మెకానిక్కు దగ్గరకు వచ్చుచోట అది చక్కని వస్తువు. ప్రతి పానా కంటికి కనిపించును. కాని మన ఊళ్లలో మెకానిక్కే ట్రాక్టరు దగ్గరకు పోవును. గట్టుమీద చక్రములు దొర్లవు. కాబట్టి మొదట కొనవలసినది రెండువైపులకు తెరచుకొను ఐదరల ఇనుప పెట్టె. నింపిన తరువాత బరువు 15 కిలోలు మించరాదు. ఒక చేత పట్టుకొని గట్టువెంట అర మైలు నడువగలిగి, మోటారుసైకిలు వెనుక కట్టుకొనగలిగియుండవలెను. కొనకముందు మీ పనిముట్లను అంగడికే తీసికొనిపోయి అందులో సర్దిచూచుకొనుడు. అన్నిటికంటె పొడవైన పానా అడుగు అరలో పట్టవలెను. పై అరలలో ఒకదానిలో రోజువారీ పానాలు వరుసగా, ఒకదానిలో సాకెట్టులు, ఒకదానిలో చిల్లర నట్లు, వాషర్లు, కాటరు పిన్నులు. మల్టీమీటరు వేరొక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచవలెను. పుల్లరు, జాకీ, పెద్ద పానాలు షెడ్డులోనే గోడకు చెక్కపలక కొట్టి, ఒక్కొక్కదాని ఆకారము రంగుతో గీచి, తగిలింపవలెను. ఖాళీ బొమ్మ కనిపించిన, ఏది పోయినదో వెంటనే తెలియును. దీనికి పెట్టె ఖర్చే లేదు.

కొంతకాలమునకు షెడ్డు నిలద్రొక్కుకొని సొరుగుల పెట్టె కొనదలచినచో రేకు మందము చూడుడు. గేజి అంకె పెరిగినకొలది రేకు పలుచన: 18 గేజి సుమారు 1.2 మి.మీ., 20 గేజి సుమారు 0.9, 22 గేజి 0.7. ఇరువదికి తక్కువ బలము గలది పానాల బరువునకు వంగి సొరుగు ఇరుక్కుపోవును. సొరుగులు బాలు బేరింగులపై నడువవలెను. నిండిన సొరుగులు రెండు మూడు ఒకేసారి లాగరాదు. పెట్టె ముందుకు పడి కాలు విరుగును.

పెట్టెను ఎరువుల బస్తాల ప్రక్కన పెట్టకుడు. ఇది నా శాఖకు సంబంధించిన మాట గనుక గట్టిగనే చెప్పుచున్నాను. పొటాషు ఎరువులోని క్లోరైడు, తడికి కరగిన ఎరువుల లవణములు ఇనుమును త్వరగా తినివేయును. అద్దె యంత్రముల కేంద్రములలో ఒకే గదిలో ఒకమూల ఎరువులు, ఇంకొకమూల పనిముట్లు ఉండుట అనేకచోట్ల చూచినాను. సముద్రతీరపు మండలములలో ఉప్పుగాలి కూడ తోడగును. సాయంకాలము ఇల్లు చేరిన వెంటనే పానాలను తుడిచి, ఇంజనాయిలు అద్దిన గుడ్డతో ఒకసారి రాచినచో చాలును.

గ్రామాధికారులకు, సంఘముల కార్యదర్శులకు

కేంద్రము సొమ్ముతో కొనిన ప్రతి పనిముట్టును స్టాకు రిజిస్టరులో కొలతతోసహా వ్రాయవలెను. “పానాల జత 1” అని వ్రాయుటవలన ఉపయోగము లేదు. ఏడాది తిరుగునప్పటికి ఆ జతలో ఏవి మిగిలినవో ఎవరును చెప్పలేరు. మెకానిక్కునకు అప్పగించునప్పుడు పట్టీ రెండు ప్రతులు వ్రాసి, ఇద్దరును సంతకములు చేసి, ఒకటి అతనికి ఇవ్వవలెను. అతని సొంత సామానును కూడ వేరొక కాగితముమీద వ్రాసి ఉంచుట న్యాయము. లేనిచో ఉద్యోగము మానిన రోజున తన పానాలకు తానే దొంగ అనిపించుకొనును. కేంద్రము సామానుకు ఒక రంగు పట్టీ వేసిన తగవులుండవు. అరిగి విరిగినవానికి మెకానిక్కు జీతమునుండి కోయుట నేను సమర్థింపను. పనిచేసిన పానాయే అరుగును.

పిల్లవానికి చేతిపని ఇంకను కుదురలేదని తోచినచో, అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టర్లు, యంత్రముల నిర్వహణ, మరమ్మతులమీద శిక్షణలు జరుగుచుండును. వివరములకు మీ వ్యవసాయాధికారిని అడుగవచ్చును.

ఆ డెల్టా గ్రామమునకు నేను మరల దాళ్వా కోతలముందు పోయినాను. ఎర్ర పెట్టె ఇంకను వసారాలోనే ఉన్నది. సొరుగులలో విత్తనముల చీటీలు, కరెంటు బిల్లులు పెట్టుకొనుచున్నారు. కుర్రవాడు ఇంట లేడు. తండ్రి నన్ను షెడ్డునకు తీసికొనిపోయినాడు. గోడమీద బొమ్మలు గీచిన పలక, దానిమీద రెండు ఖాళీలు. ఐదరల పెట్టె కూడ లేదు.

“మిషను వచ్చిందండి, నిన్ననే. కోత మొదలెట్టక ముందే నట్లన్నీ కొలుచుకుని వస్తానని పోయాడు” అన్నాడు.